పాత జపాన్ పేరు చూసి ఇప్పటి ప్రిఫెక్చర్ తేల్చడం ఎలా? క్యూషూ తొమ్మిది ‘కుని’ల లెక్క

“హిజెన్ అంటే నాగసాకియా, సాగాయా? ఒక్కో చోట ఒక్కోలా రాసి ఉంది.”

జపనీస్ నేర్చుకుంటున్నవాళ్ళు, సమురాయ్ కాలం నాటి ఆటలు ఆడేవాళ్ళు, చరిత్ర వ్యాసాలు తెలుగులోకి తెస్తున్నవాళ్ళు నన్ను ఇదే అడుగుతూ ఉంటారు. పేరు మారుతుంది, ప్రశ్న మాత్రం ఇదే. బుజెన్ ఎక్కడ? సత్సుమ అంటే కగోషిమాయేనా? జపాన్ నైరుతి దీవి ‘క్యూషూ’ పేరుకి తొమ్మిది ప్రాంతాలని అర్థం కదా, పటంలో ఏడు ప్రిఫెక్చర్లే (ఇప్పటి పాలనా విభాగాలు) ఉన్నాయేం?

మొదటి ప్రశ్నకి జవాబు: రెండూ నిజమే. హిజెన్‌లో ఇప్పటి సాగా అంతా ఉంది, నాగసాకిలో చాలా భాగం ఉంది. అందుకే ‘పాత పేరు = కొత్త పేరు’ అని ఒక పట్టిక బట్టీ పట్టేస్తే సరిపోదు. నేనూ మొదట్లో అలాగే చేశాను. ఒక వ్యాసం తెలుగులో రాస్తూ, బుజెన్‌లోని ఉసా ఆలయం అన్న చోట పక్కన ‘ఇప్పటి ఫుకువోకా’ అని పెట్టేశాను. బుజెన్‌లో ఎక్కువ భాగం ఫుకువోకాలోనే ఉంది, నిజమే. కానీ ఉసా ఉన్నది ఓయిత ప్రిఫెక్చర్‌లో. హచిమన్ అనే దేవుడి ఆలయాలన్నిటికీ మూలస్థానమైన గుడిని పక్క ప్రిఫెక్చర్‌కి తరలించేశానన్నమాట. ఆ తప్పు తర్వాతే కింద చెప్పే పద్ధతి అలవాటు చేసుకున్నాను.

ముందు దగ్గర పెట్టుకోవాల్సినవి

మీకు దొరికిన పేరు, అది ఎలా రాసి ఉందో అలాగే. అక్షరం మార్చకండి, సరిదిద్దకండి.

ఆ పేరు ఏ సంవత్సరానికి సంబంధించిందో. సరైన తేదీ లేకపోతే కనీసం 1871కి ముందా, తర్వాతా అన్నది తెలియాలి.

ఆ వాక్యంలో ఉన్న అతి చిన్న ఊరి పేరు. ఊరు, కోట, రేవు, గుడి, ఏదైనా సరే. ఇది లేకపోతే సగం సందర్భాల్లో పని తేలదు.

ఆన్‌లైన్ పటం ఒకటి, వికీపీడియా జపనీస్ పేజీలు. జపనీస్ చదవడం రాకపోయినా బ్రౌజర్‌లో అనువాదం పెట్టుకుంటే చాలు. ఇంగ్లీష్ పేజీల్లో ‘గున్’ (పాత ప్రాంతం లోపలి చిన్న విభాగం) స్థాయి వివరం చాలాసార్లు ఉండదు.

పేర్ల రాత గురించి ఒక మాట. పాత ప్రాంతాల పేర్లు జపనీస్ ఉచ్చారణకి దగ్గరగా రాశాను: హ్యూగ, సత్సుమ, త్సుషిమ. ఇప్పటి ప్రిఫెక్చర్ల పేర్లు మాత్రం వార్తల్లో అలవాటైన తీరులోనే ఉంచాను: సాగా, కగోషిమా, నాగసాకి.

1. అది ఏ రకం పేరో తేల్చండి

పాత జపాన్ రాతల్లో ప్రాంతం పేరు అయిదు రకాలుగా కనిపిస్తుంది. వీటిని కలిపేయడం వల్లే ఎక్కువ తప్పులు వస్తాయి.

‘దో’ అన్నిటికన్నా పెద్దది. క్యూషూ మొత్తం ‘సైకైదో’, అంటే పశ్చిమ సముద్రపు దారి. దీన్ని దజైఫు నుంచి నడిపేవారు. దజైఫు ఇప్పుడు ఫుకువోకా ప్రిఫెక్చర్‌లో ఒక పట్టణం.

‘కుని’ దాని కింది విభాగం. హిజెన్, హిగో, సత్సుమ ఇవన్నీ కునిలు. 7వ శతాబ్దం చివర, 8వ శతాబ్దం మొదట్లో ఏర్పడ్డాయి.

‘గున్’ కునిలో భాగం. పాత పలుకుబడిలో ‘కోరి’ అని కూడా అంటారు.

‘హాన్’ అంటే ఎదో (Edo) కాలంలో, అంటే 1603-1868 మధ్య, ఒక దైమ్యో (ప్రాంతీయ ప్రభువు) వంశం ఏలిన భూమి. ఇది కునిలో భాగం కావచ్చు, రెండు మూడు కునిల మీదుగా పరుచుకుని ఉండొచ్చు.

‘కెన్’ అంటే ప్రిఫెక్చర్. ఈ పేరు కనిపిస్తే అది మెయిజి కాలం (1868-1912), ఆ తర్వాతి మాటే.

పేరు వెనక ఈ మాటల్లో ఏదీ లేకపోతే వాక్యాన్ని బట్టి చూడండి. పన్నులు, సైన్యం, ప్రభువు, వారసత్వం గురించి మాట్లాడుతుంటే బహుశా హాన్. గుడి, రహదారి, పురాణం, ఊరి చిరునామా గురించి అయితే బహుశా కుని.

2. పేరు సరిగ్గా చదివారో లేదో చూసుకోండి

ఇక్కడ తొందరపడకండి. ఒక్క గుణింతం మారితే దీవే మారిపోతుంది.

బుజెన్, బుంగో క్యూషూలో ఉన్నాయి. బిజెన్, బింగో హోన్షూ దీవిలో ఉన్నాయి. బిజెన్ ఇప్పటి ఓకయామ వైపు, బింగో హిరోషిమా తూర్పు వైపు. కత్తుల గురించి చదివేవాళ్ళు ఇక్కడ జాగ్రత్త, ఎందుకంటే పేరుమోసిన ఓసఫునె కత్తులు బిజెన్‌వి, బుజెన్‌వి కావు. ‘బు’ కనిపిస్తే క్యూషూ, ‘బి’ కనిపిస్తే హోన్షూ అని గుర్తు పెట్టుకోండి.

‘జెన్’ అంటే ముందు, ‘గో’ అంటే వెనక. పాత రాజధాని నుంచి వచ్చే దారిలో ముందు తగిలేది జెన్, ఆ తర్వాతది గో. త్సుకుషి అనే పాత ప్రాంతం చికుజెన్, చికుగోగా విడిపోయింది. తోయో అనేది బుజెన్, బుంగోగా విడిపోయింది. హి అనేది హిజెన్, హిగోగా విడిపోయింది. ఈ మూడు జంటలు మనసులో ఉంటే తొమ్మిదిలో ఆరు వచ్చేసినట్టే. మిగతావి హ్యూగ, ఓసుమి, సత్సుమ. చివరి రెండూ మొదట్లో హ్యూగలోనివే. సత్సుమ 702లో, ఓసుమి 713లో వేరుపడ్డాయి.

చివర ‘షూ’ ఉన్న పొట్టి పేర్లు కూడా కనిపిస్తాయి. సష్షూ అంటే సత్సుమ, నిష్షూ అంటే హ్యూగ, తైషూ అంటే త్సుషిమ. ఇంతవరకు ఇబ్బంది లేదు. కానీ హోషూ అంటే బుజెన్ కావచ్చు, బుంగో కావచ్చు. హిషూ అంటే హిజెన్ కావచ్చు, హిగో కావచ్చు. ఈ రెండు కనిపిస్తే ఊరి పేరు చూడకుండా ముందుకి వెళ్ళకండి.

ఐరోపావాళ్ళ పాత ఉత్తరాలు చదువుతుంటే ఇంకో చిక్కు ఉంది. 16, 17 శతాబ్దాల్లో వాళ్ళు ఇప్పటి ‘హ’ శబ్దాన్ని ‘ఫ’గా రాశారు. ‘ఫిరాండో’ అంటే హిరాదో. మచిలీపట్నం వర్తక చరిత్ర చదివేవాళ్ళకి ఈ పేరు తగిలే ఉంటుంది. డచ్చివాళ్ళు మచిలీపట్నంలో 1605లో, హిరాదోలో 1609లో వర్తక స్థావరాలు పెట్టారు. ఇంగ్లీషువాళ్ళు 1611లో మచిలీపట్నం, 1613లో హిరాదో చేరారు. అవే కంపెనీలు, అవే రాతలు.

ఇంగ్లీష్ లిపిలో దీర్ఘాలు సరిగ్గా తెలియవు. తెలుగులో రాసేటప్పుడు జపనీస్ అక్షరాల్లో చూసి రాయండి. మన లిపికి హ్రస్వం, దీర్ఘం చూపే సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోండి.

3. తేదీని ఖాయం చేయండి

అందరూ దాటేసే మెట్టు ఇదే. ‘ఉమ్మడి జిల్లా’ అన్న మాటకి మనం అలవాటు పడ్డాం కాబట్టి ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు. ఒకే పేరు, వేరు వేరు ఏళ్ళలో వేరు వేరు హద్దులు.

1871 ఆగస్టు 29న హాన్‌లని రద్దు చేసి కెన్‌లు పెట్టారు. మొదట్లో దాదాపు ప్రతి హాన్ తన పేరుతోనే ఒక కెన్ అయిపోయింది: హిరాదో కెన్, యనగావ కెన్, నకత్సు కెన్. దేశం మొత్తం మీద 302 కెన్‌లు, 3 ‘ఫు’లు (పెద్ద నగరాల విభాగాలు). ఆ ఏడాది చివరికే వాటిని కలిపి 72కి తెచ్చారు. క్యూషూలో ఇమారి, మిజుమ, కొకుర, యత్సుషిరో, మిమిత్సు, మియకోనోజో అనే కెన్‌లు అప్పుడు కనిపిస్తాయి. ఇవేవీ ఈరోజు లేవు.

1873లో మిమిత్సు, మియకోనోజో పోయి మియజాకి వచ్చింది.

1876లో పెద్ద కలయిక జరిగింది. కొకుర కెన్ ఫుకువోకాలో కలిసింది. సాగా ఏప్రిల్‌లో మిజుమలోకి పోయింది, ఆగస్టుకి నాగసాకి కింద చేరింది. మియజాకి కగోషిమాలో కలిసింది.

1883 మే 9న సాగా, మియజాకి రెండూ మళ్ళీ విడిగా ఏర్పడ్డాయి. ఇప్పటి ఏడు ప్రిఫెక్చర్ల రూపం అప్పటి నుంచే.

హెచ్చరిక: 1876 నుంచి 1883 మధ్య రాతల్లో ‘నాగసాకి కెన్’ అంటే సాగా కూడా, ‘కగోషిమా కెన్’ అంటే మియజాకి కూడా. సత్సుమ సమురాయ్ నాయకుడు సైగో తకమోరి తిరుగుబాటు జరిగిన 1877 సరిగ్గా ఈ మధ్యలోనే ఉంది. ఆ ఏడాది ఆగస్టులో నోబెఓక దగ్గర జరిగిన పోరు అప్పటి లెక్కలో కగోషిమా కెన్‌లో జరిగినట్టు, మన పటంలో మియజాకిలో జరిగినట్టు.

ఇంకో చిన్న విషయం. జపాన్ ఇప్పటి క్యాలెండర్‌కి మారింది 1873 జనవరి 1న. అంతకు ముందు తేదీలు చాంద్రమానంలో ఉంటాయి. హాన్‌ల రద్దు తేదీ కొన్నిచోట్ల ‘7వ నెల 14’ అని, కొన్నిచోట్ల ఆగస్టు 29 అని కనిపిస్తుంది. రెండూ ఒకటే రోజు.

4. మొదటి అంచనా వేసుకోండి

ఇప్పుడు పట్టిక చూడొచ్చు. ఇది జవాబు కాదు, జవాబు వెతకాల్సిన చోటు.

- చికుజెన్: ఫుకువోకా ప్రిఫెక్చర్ వాయవ్య భాగం. ఫుకువోకా నగరం, దజైఫు ఇక్కడివే.
- చికుగో: ఫుకువోకా ప్రిఫెక్చర్ దక్షిణ భాగం. కురుమె, యనగావ.
- బుజెన్: ఫుకువోకా తూర్పు భాగం, ఓయిత ఉత్తర భాగం.
- బుంగో: ఓయితలో మిగతా అంతా.
- హిజెన్: సాగా మొత్తం. ఇకి, త్సుషిమ తప్ప నాగసాకి అంతా.
- హిగో: కుమామోతో.
- హ్యూగ: మియజాకి, దాంతోపాటు కగోషిమా తూర్పు అంచు.
- ఓసుమి: కగోషిమా తూర్పు సగం, తనెగషిమ, యకుషిమ.
- సత్సుమ: కగోషిమా పడమటి సగం.
- ఇకి, త్సుషిమ: రెండూ దీవులు, తొమ్మిది లెక్కలోకి రాని విడి కునిలు. ఇప్పుడు నాగసాకి ప్రిఫెక్చర్.

చికుజెన్, చికుగో, బుంగో, హిగో, ఓసుమి, సత్సుమలలో ఏదైనా వస్తే మీ పని దాదాపు అయిపోయింది. 6వ మెట్టు ఒకసారి చూసుకుని ఆపేయొచ్చు. హిజెన్, బుజెన్, హ్యూగ వస్తే మాత్రం కిందికి దిగాల్సిందే.

5. గున్ దాకా దిగండి

అసలు పని ఇక్కడే ఉంది. పాత చిరునామా కుని, గున్, ఊరు అనే వరసలో ఉంటుంది. ఊరి పేరుతో జపనీస్ వికీపీడియాలో వెతికితే అది ఏ గున్‌లో ఉండేదో చెబుతుంది. గున్ తెలిస్తే ప్రిఫెక్చర్ తెలిసినట్టే.

హిజెన్‌లో 11 గున్‌లు. కీ, యబు, మినె, కంజాకి, సాగా, ఒగి, కిషిమ, ఫుజిత్సు అనే ఎనిమిది ఇప్పటి సాగాలో ఉన్నాయి. సోనోగి, తకకి నాగసాకిలో ఉన్నాయి. మిగిలిన పదకొండోది మత్సుర, అసలు తలనొప్పి దానితోనే. అది చాలా పెద్దది, గోతో దీవుల దాకా వెళ్తుంది. మెయిజి కాలంలో దాన్ని తూర్పు, పడమర, ఉత్తర, దక్షిణ మత్సురలుగా నాలుగు చేశారు. తూర్పు, పడమర సాగాకి పోయాయి. ఉత్తరం, దక్షిణం నాగసాకికి పోయాయి. కాబట్టి ‘హిజెన్, మత్సుర గున్’ అని మాత్రమే ఉంటే జవాబు ఇంకా రాలేదన్నమాట. ఊరు చూడాలి. కరత్సు, ఇమారి అయితే సాగా. హిరాదో, గోతో అయితే నాగసాకి.

మీరు వెతికే గున్ పేరు ఇప్పటి పటంలో కనిపించకపోతే కంగారు పడకండి. 1896 ప్రాంతంలో చాలా గున్‌లని కలిపేశారు. సాగాలో మినె, యబు, కీ మూడింటినీ కలిపి, మూడు పేర్ల నుంచి తలో అక్షరం తీసుకుని ‘మియకి’ అని పెట్టారు. ఇలా అతికించిన పేర్లు జపాన్‌లో ఎక్కడ చూసినా ఉంటాయి. పాత పేరు పోలేదు, కొత్త పేరులో ఒక అక్షరమై మిగిలింది.

బుజెన్‌లో ఎనిమిది గున్‌లు. కికు, తగావ, మియకో, నకత్సు, త్సుఇకి, కోగె ఫుకువోకాలో ఉన్నాయి. షిమోగె, ఉసా 1876లో ఓయితకి వెళ్ళాయి. నేను తప్పు చేసింది ఇక్కడే.

ఇక్కడ ఇంకో ఉచ్చు ఉంది, దీన్ని తప్పకుండా రాసి పెట్టుకోండి. నకత్సు గున్, నకత్సు పట్టణం ఒకటి కావు. నకత్సు గున్ ఫుకువోకా వైపుది, తర్వాత మియకోలో కలిసిపోయింది. మెయిజి కాలపు రచయిత ఫుకుజావ యుకిచి వంశం పనిచేసిన కోట పట్టణం నకత్సు ఉన్నది షిమోగె గున్‌లో, అంటే ఇప్పటి ఓయితలో. జపనీస్‌లో రెండింటికీ అక్షరాలు వేరు. తెలుగులోనూ ఇంగ్లీష్‌లోనూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే పేరుని అసలు జపనీస్ అక్షరాల్లో కూడా దాచుకోండి.

కితక్యూషూ నగరం ఈ పద్ధతికి మంచి పరీక్ష. 1963లో మోజి, కొకుర, తోబత, యహత, వకమత్సు అనే అయిదు నగరాలు కలిసి ఇది ఏర్పడింది. మోజి, కొకుర బుజెన్‌లోని కికు గున్‌వి. మిగతా మూడూ చికుజెన్‌లోని ఓంగ గున్‌వి. అంటే పాత కుని సరిహద్దు ఒకే నగరం మధ్యలోంచి పోతుంది. 1901లో ఉక్కు కర్మాగారం మొదలైన యహత చికుజెన్‌ది, దాని పొరుగున ఉన్న కొకుర బుజెన్‌ది. ‘కితక్యూషూ ఏ కుని?’ అని ఎవరైనా అడిగితే ‘ఏ వార్డు?’ అని తిరిగి అడగాలి.

హ్యూగలో అయిదు గున్‌లు: ఉసుకి, కోయు, నక, మియజాకి, మొరోకత. మొదటి నాలుగూ మియజాకిలోనే ఉన్నాయి. మొరోకత దక్షిణ భాగం మాత్రం 1883లో మియజాకి తిరిగి ఏర్పడినప్పుడు కగోషిమాలోనే ఉండిపోయింది, తర్వాత ఓసుమి వైపు గున్‌లో కలిసిపోయింది. షిబుషి అలాంటి ఊరే. ఎదో కాలం రాతల్లో ‘హ్యూగ, షిబుషి’ అని ఉంటే అది తప్పు కాదు, కానీ మీరు పక్కన రాయాల్సింది కగోషిమా.

6. అది హాన్ పేరు అయితే

హాన్ పేరు కనిపిస్తే హద్దుల గురించి ఏమీ ఊహించుకోకండి.

‘సత్సుమ’ అంటే కుని కావచ్చు, షిమజు వంశం ఏలిన హాన్ కావచ్చు. ఆ హాన్ సత్సుమ కుని మొత్తం, ఓసుమి కుని మొత్తం, హ్యూగలో మొరోకత భాగం ఏలింది. మియకోనోజో సత్సుమ హాన్ కింద ఉండేది, కుని లెక్కలో హ్యూగది, ఇప్పుడు మియజాకిలో ఉంది. 1543లో పోర్చుగీసువాళ్ళ తుపాకి చేరిన తనెగషిమ కూడా ఓసుమిదే, సత్సుమ కునిది కాదు.

మెయిజి మార్పు తెచ్చిన నాలుగు హాన్‌లని ‘సత్సుమ, చోషూ, తోస, హిజెన్’ అని కలిపి చెబుతారు. అక్కడ హిజెన్ అంటే కుని కాదు, నబెషిమ వంశం ఏలిన సాగా హాన్ ఒక్కటే. ఆ వాక్యంలో కుని మొత్తం అనుకుని ‘ఇప్పటి సాగా, నాగసాకి’ అని రాస్తే తప్పు. అదే కునిలో హిరాదో, ఓమురా, షిమబర, కరత్సు వేరే హాన్‌లు. నాగసాకి పట్టణం నేరుగా షోగున్ (దేశపు సైనిక పాలకుడు) పాలనలో ఉండేది.

దూరంగా విడి ముక్కలు కూడా ఉండేవి. త్సుషిమ హాన్‌కి హిజెన్ కీ గున్‌లో తషిరో అనే భూమి ఉండేది, ఇప్పుడది సాగాలోని తోసు నగరంలో భాగం. కుమామోతో హాన్‌కి బుంగో తీరంలో త్సురుసకి రేవు ఉండేది, ఇప్పుడది ఓయిత నగరంలో ఉంది. ఏలిక ఉన్న చోటుని బట్టి ఊరిని జరపకండి. ఊరు ఎక్కడుందో అక్కడే ఉంటుంది.

1637-38 షిమబర తిరుగుబాటుని ఉదాహరణగా తీసుకోండి. షిమబర హిజెన్‌లోది, ఇప్పటి నాగసాకి. అమకుస దీవులు హిగోలోవి, ఇప్పటి కుమామోతో. కానీ అప్పుడు అమకుసని ఏలింది కరత్సులోని తెరసావ వంశం, అంటే హిజెన్‌లోని హాన్. కుని ఒకటి, ఏలిక ఇంకొకరు, ఇప్పటి ప్రిఫెక్చర్ మూడోది. మూడింటినీ విడివిడిగా రాసుకుంటే గందరగోళం ఉండదు.

7. దీవులని విడిగా చూడండి

త్సుషిమ 1871లో ఇమారి కెన్‌లో కలిసింది, 1872లో నాగసాకికి మారింది. ఆ ఒక్క ఏడాది రాత మీ చేతిలో ఉంటే తప్ప ఇబ్బంది లేదు.

8వ శతాబ్దం రాతల్లో ‘తనె’ అనే కుని కనిపిస్తుంది. తనెగషిమ, యకుషిమ కలిపి 702లో పెట్టారు, 824లో ఓసుమిలో కలిపేశారు. ఆ తర్వాత ఆ కుని లేదు.

అమామి దీవులు 1609 దాకా ర్యూక్యూ రాజ్యంలో భాగం. ఆ ఏడు సత్సుమ దండెత్తి తీసుకుంది. ఓసుమి కునిలో చేర్చింది 1879లోనే. కాబట్టి 1700లో అమామి ఓసుమిలో ఉందని రాయకండి.

ఒకినావా ఈ తొమ్మిదిలో దేనిలోనూ లేదు. ర్యూక్యూ రాజ్యం కాలంలో అక్కడ కుని, గున్ వెతికితే దొరకవు. ర్యూక్యూ రాజ్యపు విభాగాలకి ‘మగిరి’ అని పేరు. 1879లో ఒకినావా ప్రిఫెక్చర్ అయ్యాక కూడా మగిరిలు కొనసాగాయి, 1908లో గ్రామాలుగా మారాయి.

8. వచ్చిన జవాబు సరైనదో కాదో పరీక్షించండి

రైల్వే స్టేషన్ల పేర్లతో నేను మొదట సరిచూస్తాను. దేశంలో వేరే చోట అదే పేరుతో ఊరు ఉంటే, స్టేషన్ పేరుకి ముందు కుని పేరు తగిలించడం అక్కడ అలవాటు. ఉసా నగరంలో ‘బుజెన్-నగసు’, ‘బుజెన్-జెంకోజి’ స్టేషన్లు ఉన్నాయి. ఓయిత ప్రిఫెక్చర్‌లో బుజెన్ పేరుతో స్టేషన్లు! నేను ఆ రోజు పటం ఒక్కసారి పెద్దది చేసి చూసినా నా తప్పు తెలిసేది. అలాగే ‘హిజెన్-హమ’ సాగాలో ఉంది, ‘హిజెన్-కోగ’ నాగసాకి నగరంలో ఉంది.

అయితే స్టేషన్ పేరు, ఆ పేరు పెట్టిన కాలపు హద్దుని చెబుతుంది. షిబుషి నగరంలో ‘ఓసుమి-నత్సుఇ’ స్టేషన్ ఉంది. అది చూసి షిబుషి మొదటినుంచీ ఓసుమిదే అనుకుంటే పొరపాటు. ఆ ప్రాంతం ఓసుమి వైపు చేరాక పెట్టిన పేరు అది.

రైలు మార్గాల పేర్లూ పనికొస్తాయి. ‘నిప్పో’ లైన్‌లో హ్యూగ, తోయో పేర్ల అక్షరాలు ఉన్నాయి. ‘హోహి’ అంటే బుంగో, హిగో, ఆ దారి ఓయిత నుంచి కుమామోతోకి వెళ్తుంది. ‘చికుహి’ అంటే చికుజెన్, హిజెన్. బొగ్గు గనులకి పేరున్న ‘చికుహో’ ప్రాంతంలో చికుజెన్, బుజెన్ రెండూ ఉన్నాయి. ఇఇజుక చికుజెన్‌ది, తగావ బుజెన్‌ది.

రెండో పరీక్ష నగరాల పేర్లతో, కానీ తిరగేసి. బుజెన్ షి, చికుగో షి, హ్యూగ షి అనే నగరాలు ఇప్పుడున్నాయి. ‘షి’ అంటే నగరం. ఇవి పాత కునిలో చిన్న ముక్కలు మాత్రమే. పటంలో ‘హ్యూగ’ అని కొడితే వచ్చే చుక్క ఈ నగరానిది. దాన్ని కుని మొత్తం అనుకుని దూరాలు కొలిచినవాళ్ళని చూశాను.

మూడోది వస్తువుల పేర్లు. వీటిని ఆధారంగా తీసుకోవద్దనే చెబుతాను. ఇమారి పింగాణీ ఎక్కువగా తయారైంది అరితలో, ఇమారి అది ఓడ ఎక్కిన రేవు. రెండూ హిజెన్‌వే, సాగావే కాబట్టి నష్టం లేదు. ‘సత్సుమ’ పాత్రలు మాత్రం అలా కాదు. మెయిజి కాలంలో ఎగుమతి కోసం ఆ శైలిలో క్యోతోలోనూ చేశారు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనో ఇంకెక్కడో జపాన్ గది చూసేటప్పుడు ‘సత్సుమ’ అన్న చీటీ కనిపిస్తే, అది శైలి పేరా, ఊరి పేరా అని అడగండి. కత్తి పిడి లోపల చెక్కిన ‘హిజెన్’ మాత్రం సాధారణంగా చోటునే చెబుతుంది. తదయోషి పేరుతో వచ్చిన హిజెన్ కత్తులు సాగా కోట పట్టణంలో తయారైనవి.

9. తెలుగులో ఎలా రాయాలి

మొదటిసారి వచ్చినప్పుడు పాత పేరు, పక్కన ఇప్పటి ప్రిఫెక్చర్ ఇవ్వండి: ‘బుజెన్‌లోని ఉసా (ఇప్పటి ఓయిత ప్రిఫెక్చర్)’. ఆ తర్వాత పాత పేరే వాడండి. 1600 నాటి మనిషి ‘ఓయిత ప్రిఫెక్చర్‌లో పుట్టాడు’ అని రాయకండి, అప్పుడు ఆ ప్రిఫెక్చర్ లేదు.

కునిని ‘రాజ్యం’ అనడం చాలామంది చేస్తున్నారు. నాకది నచ్చదు. వాటికి రాజులు లేరు, రాజధాని నుంచి వచ్చిన అధికారులు ఉండేవారు. ‘కుని’ అనే ఉంచి, మొదటిసారి ‘పాత పాలనా ప్రాంతం’ అని వివరిస్తే చాలు. ‘జిల్లా’ అన్న మాట గున్‌కి దగ్గరగా ఉంటుంది, దాన్ని కెన్‌కి వాడితే తర్వాత ఇరుక్కుంటారు. ప్రిఫెక్చర్‌ని ప్రిఫెక్చర్ అనే రాయండి.

గున్ ఎంత వెతికినా దొరకకపోతే ఊహించి ఒకటి ఎంచుకోకండి. ‘హిజెన్ (ఇప్పటి సాగా, నాగసాకి ప్రాంతం)’ అని రెండూ రాయండి. మీ నోట్సులో ఆ పేరు పక్కన జపనీస్ అక్షరాలు, తేదీ, వెతికిన ఊరి పేరు రాసి ఉంచుకోండి. ఇంకో పేజీలో గున్ పేరు తగిలిన రోజు వెనక్కి వచ్చి ఒకటి కొట్టేయొచ్చు.